జనగామలో తెరుచుకోని పేజీ

నిన్న పొద్దున మా మానుకోట ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. డబ్బా మీద ఎర్ర దీపం తప్ప ఇంకేమీ లేదు. బాగుచేసే ఆయన వచ్చాడు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి సెల్‌ఫోన్‌లో ఏదో నొక్కాడు, అయిపోయిందమ్మా అన్నాడు, ఏం పోయింది, ఎట్లా వచ్చింది అని నేను అడిగేలోపే బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. అరె, నేనూ ఒకప్పుడు ఈ డబ్బాలతో కుస్తీ పట్టినదాన్నే! కంప్యూటరు గదిలోకి గుడిలోకి పోయినట్టు చెప్పులు విప్పి పోయిన తరం మనది. అందుకే ఈ ముచ్చట మీకు చెప్పుకుంటే తప్ప నా కడుపుబ్బరం తీరదు.

మా పెద్దబాపుది, అంటే మా నాన్నకు అన్నది, జనగామలో నీళ్ల మోటర్లు, వాటి సామాన్ల టోకు దుకాణం. అప్పటికింకా జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకటే జిల్లా. పెద్దబాపు కూతురు, అంటే మా అక్క, బావకు బొగ్గుబావిలో గుమాస్తా పని కావడంతో భూపాలపల్లిలో కాపురం పెట్టింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, వద్దన్నవాళ్లందరితో కొట్లాడి, పెద్దబాపు సామానుతోనే అక్కడొక చిన్న దుకాణం తెరిచింది. కాటారం వైపు పల్లెల నుంచి రైతులు పొద్దున్నే బస్సు దిగి, చెడిపోయిన మోటర్లకు సామాను కావాలని వచ్చేవాళ్లు. అది జనగామ గోదాములో ఉందో లేదో తెలియాలంటే అక్క మాకు ఫోను చేయాలి. జనగామలో గిరాకీ రద్దీలో ఆ ఫోను ఎవరూ ఎత్తరు, ఎత్తినా చూసి చెప్తామని పెట్టేస్తారు, అక్కడ పొలం ఎండుతున్న రైతు ఎంతసేపని బల్ల మీద కూర్చుంటాడు? లేచి వెళ్లిపోయేవాడు. అట్లా రెండు పంటలు గడిచాక, ఇక ఆ దుకాణం తీసేద్దామని పెద్దబాపు తేల్చేశాడు. ఆ రోజు అక్క నాకు ఫోను చేసి ఏడ్చింది. మా అక్క ఏడవడం నేను విన్నది అదొక్కసారే.

నేనప్పుడు కంప్యూటర్లు నేర్చుకుని కొత్తగా జనగామ దుకాణంలోనే పనికి కుదిరాను. సామాను లిస్టంతా జనగామ కంప్యూటరులో ఉంది కదా, అది అక్కకు భూపాలపల్లిలో కూర్చునే కనపడితే చాలు కదా అని తట్టేసరికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం దాకా గడువిమ్మని పెద్దబాపును బతిమాలాను. అటక మీద పారేసిన పాత కంప్యూటరు దింపి, దుమ్ము దులిపి, దాని మీద ఒక ఫైర్‌వాల్, అంటే ఇంటర్నెట్ గడపలో కాపలా కాసే ప్రోగ్రాం, ఎక్కించాను. ఎవరైనా ఉచితంగా దించుకుని, లోపల ఎట్లా రాశారో కూడా చదువుకోగలిగిన రకం అది. మా అన్నకు, అంటే పెద్దబాపు కొడుక్కి, దాన్ని చూస్తేనే నవ్వు. “ఫుకట్‌ల వచ్చింది గట్లనే ఉంటది తియ్” అని వచ్చేపోయేవాళ్లకు చూపించేవాడు.

దుకాణంలో అయిదు కంప్యూటర్లున్నా ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు తెలిసే చిరునామా ఒక్కటే. బయటి నుంచి ఎవరొచ్చినా ఆ చిరునామాకే వస్తారు, గడపలో కూర్చున్న ఫైర్‌వాల్ వాళ్లను లోపల ఏ కంప్యూటరు దగ్గరికి పంపాలో అక్కడికి పంపుతుంది. లిస్టు కోసం వచ్చినవాళ్లను లిస్టున్న కంప్యూటరుకు పంపమని నేనొక నియమం రాసి పెట్టాను. ఇంక మిగిలింది పరీక్షే.

ఇక్కడే మా ఇంటి కట్టడి ఒకటి చెప్పాలి. ఏ మోటరు అమ్మినా సరే, దుకాణం వెనక నీళ్ల తొట్టి దగ్గర పెట్టి, తిప్పి, నీళ్లు ఎత్తి చూపించాకే గిరాకీ చేతికి ఇవ్వాలి. ఇక్కడ తిరగనిది ఊరు దాటొద్దు అనేవాడు పెద్దబాపు. ఆ తొట్టి పక్కనే పెరిగిన నేను, అక్క తన కంప్యూటరులో కొట్టాల్సిన చిరునామా ఫోనులో రాయించి గట్టిగా చెప్పాను, నేను చెప్పేదాకా ముట్టొద్దని. చెప్పి, జనగామ దుకాణంలోనే కూర్చుని బయటి చిరునామా కొట్టాను. పేజీ తెరుచుకోలేదు.

మూడు రోజులు! వైర్లు మార్చాను, నియమం చెరిపి మళ్లీ రాశాను, డబ్బా ఆపి మళ్లీ వేశాను. లోపలి చిరునామాతో అడిగితే టక్కున తెరుచుకునేది, బయటి చిరునామాతో అడిగితే తిరిగి తిరిగి చతికిలపడేది. పెద్దమ్మ అన్నం కలిపి తెచ్చి, నేను చూడకపోతే తిట్టుకుంటూ తీసుకుపోయేది. శనివారం మధ్యాహ్నం పెద్దబాపు నా వెనక వచ్చి నిలబడ్డాడు. “పోనీ తియ్ బిడ్డా, నువ్వు జేశేదంత జేసినవ్. అక్కకు నేనే జెప్త” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ప్లగ్గు పీకేముందు చివరిసారిగా, ఎవరెవరు వచ్చిపోయారో ఫైర్‌వాల్ రాసుకునే జాబితా తెరిచాను. అందులో ఎన్నడూ చూడని బయటి చిరునామా ఒకటి వచ్చి ఉంది, లోపలికి అనుమతించినట్టు కూడా ఉంది. దొంగ! నా తలుపు నాకు తెరుచుకోదుగానీ దొంగకు తెరుచుకుందా! పళ్లు నూరుకుంటూ ఆ చిరునామాను అడ్డుకోమని నియమం రాసి, ఇక నొక్కబోతుండగా ఫోను మోగింది. అక్క.

“చెల్లె, మూడో అల్మారల రెండో అరల అయిదు హెచ్‌పీ బుష్షులు నాలుగున్నయి. రెండు జర బస్సుకెయ్.”

నీకెవరు చెప్పారే అని అరిచాను.

“ఎవరు జెప్తరే, నా కండ్ల ముంగటనే రాసున్నది! ముట్టొద్దన్నవ్ గని, పొలం ఎండుతాందని ఈ అవ్వ పొద్దటికెల్లి కూసున్నది. ఏదైతే గదైతదని నొక్కిన.”

నేను ఎగిరి గంతేశాను, గిరాకీలంతా తిరిగి చూశారు. అన్న మూడో అల్మారా తెరిచి, పెట్టెలోవి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. సరిగ్గా నాలుగు. ఫుకట్ మాట ఆ నోట మళ్లీ రాలేదు. పెద్దబాపు మాత్రం మోటరు ఇరుసు అరగకుండా వేసే ఆ బుష్షులు రెండు తీసి కాగితంలో చుట్టి, కండువా భుజాన వేసుకుని, తానే బస్టాండుకు నడిచాడు. అక్క దుకాణం నిలిచిందని నాకు అప్పుడు తెలిసింది.

నా బుర్రకు తరువాత వెలిగింది. నేను దొంగదనుకున్న చిరునామా మా అక్కదే. నా నియమం బయటి నుంచి వచ్చేవాళ్లకు. నేనేమో ఇంట్లోనే కూర్చుని బయటివాళ్ల చిరునామాతో అడుగుతున్నాను. లోపలివాళ్లకూ అట్లా తెరుచుకోవాలంటే వేరే గడిలో టిక్కు పెట్టాలట, నేను పెట్టలేదు. భూపాలపల్లికి మాత్రం మొదటి రోజు నుంచీ తెరిచే ఉంది. నీళ్ల తొట్టి దగ్గర మోటరును పరీక్షించవచ్చుగానీ దీన్ని పరీక్షించాలంటే ఊరు దాటాల్సిందే.

ఇప్పుడు ఆ లిస్టు ఏ ఊళ్లో ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు, అక్క సెల్‌ఫోన్‌లో మాత్రం కనపడుతుంది. అక్క దుకాణం ఒక్క గది నుంచి మూడు మడిగెలైంది. కానీ ఒకటుంది, వెనకటికి సామాను ఉందా అని రోజుకు పదిసార్లు చేసే ఫోనుల్లోనే తిన్నవా, పెద్దమ్మ మోకాళ్లు ఎట్లున్నయి అన్న మాటలూ దొర్లేవి. పేజీ తెరుచుకున్నాక అక్కకు అడగాల్సిన పని లేకపోయింది, నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. మాట్లాడుకోకుండానే నెలలకు నెలలు గడుస్తున్నాయి. అది నా చేతులతో నేను చేసిన పనే, అందుకే ఎవరినీ అనలేను.

నిన్న ఆ బాగుచేసే ఆయన వెళ్లిపోయాక ఊరుకోలేక అక్కకు ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తింది. నెట్టు పోయిందని చెప్పగానే పకపకా నవ్వి, ఇంకా లోపట్నుంచే తలుపు కొడుతున్నవా అని వెక్కిరించింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేదాకా మాట్లాడుకున్నాం. పెట్టేసేముందు అంది:

“మీ నెట్టు గిట్లనే రోజు పోతే మంచిగుండు గదనే, చెల్లె.”