రేడియేటరులో చోడి అంబలి

"నీళ్లకి బదులు అందులో ఏటి పోసారో చెప్పండి!"

"నీళ్లే పోసేను కుమారీ! నీళ్లు కాక సాంబారు పోస్తానేటి?"

"సాంబారయితే ఇంత చిక్కగా రాదు. మీ చేతి సాంబారు నేను తాగలేదేటి?"

"మజ్జిలో నా సాంబారు ఏటి చేసింది నిన్ను?"

రతన్‌పూర్ రోడ్డు పక్కన ఉదయం ఏడు గంటలకు మా కోడలు కుమారి, మా అబ్బాయి అప్పలరాజు ఇలా వాదించుకుంటున్నారు. వాళ్ల వెనక మా పాత వ్యాను ముక్కులోంచి మట్టిరంగు పదార్థం బుడబుడమని పొంగి రోడ్డు మీదికి కారుతోంది. నేను గొడుగు వేసుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ల బండిని చూసినట్టు చూస్తున్నాను. కుమారి మామూలుగా మొగుణ్ణి నువ్వు అనే పిలుస్తుంది. కోపం వస్తేనే మీరు అంటుంది. ఆ మీరుకు ఇంటిల్లిపాదీ భయపడతాం.

పోసింది నేనే. చదివేవాళ్లు మా అబ్బాయిని అనుమానించకూడదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా చేతి చలవ వల్ల ఆ పొద్దున ఒక బండి, నూట యాభై మంది ఫలహారం, మా కోడలి బతుకుతెరువు, కాలనీలో నా మర్యాద అన్నీ ఒకేచోట ఆగిపోయాయి. అప్పటికి నాది బుద్ధి తెలియని వయసు. అరవై ఒకటి.

మా వ్యాను సంగతి కొంచెం చెప్పాలి. అది మా ఇంటికి వచ్చేసరికే మూడు ఇళ్లు మారిన ముసలిది. దాని ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. ఎక్కినవాళ్లకు నడుం నొప్పికి కాపడం ఉచితం. చలికాలం పొద్దున్నే లేవదు, ఇద్దరు తోస్తే గాని దగ్గదు. ఎత్తు రోడ్డు వస్తే నల్లటి పొగ వదులుతుంది. వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది, అది బొట్టుబిళ్లలా అలంకారమని మా నమ్మకం. వీటన్నిటికీ అలవాటు పడ్డాం. అలవాటు పడనిది ఒక్కటే. రేడియేటరు కారేది. అంటే ఇంజను కాలిపోకుండా చల్లని నీళ్లు తిప్పే పెట్టె. పొద్దున్నే లేచి చూస్తే బండి కింద మడుగు, పసిపిల్ల పక్క తడిపినట్టు.

మా ఆయన ఈ హిందీ ఊళ్లోనే ముప్పై అయిదేళ్లు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. ఇంట్లో అలాంటి మనిషి ఉండగా చింత ఏమిటనుకుంటారు. అడిగి చూడండి.

"రైలింజను తెప్పించు, విప్పి బిగించేస్తాను. ఇది అగ్గిపెట్టె. అగ్గిపెట్టెలో నాను చెయ్యి పెట్టను."

"పెట్టకపోతే పోనీ, కారకుండా ఏటి చెయ్యాలో చెప్పండి."

"కొత్తది వెయ్యాల. అంతే."

కుమారి కూడా అదే పాట. తను ఇంట్లోనే ఇడ్లీ, ఉప్మా చేసి మా కాలనీ ఉన్న మోప్కా నుంచి వ్యానులో ఆఫీసుల దగ్గరికి పంపేది. అప్పుడే ఒక పెద్ద అవకాశం వచ్చింది. బొగ్గు ఆఫీసులో పెద్ద ఉద్యోగి, మన విజయనగరం వైపు వాళ్లు, రతన్‌పూర్ గుడిలో మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తూ నూట యాభై మందికి ఫలహారం చెప్పారు. అది బాగుంటే తమ ఆఫీసు క్యాంటీను కుమారికే ఇప్పిస్తామన్నారు. క్యాంటీను వస్తే ఆఫీసు ఆఫీసూ తిరిగే పని ఉండదు. ఆ పిల్ల నెల రోజులు దాని గురించే కలలు కన్నది.

"అత్తా, ఈ ఒక్కసారి రేడియేటరు మార్పించేద్దాం. దారిలో ఆగిపోతే నా పరువు పోతాది."

"చెంబుడు నీళ్లు తాగే బండికి కొత్త కడుపు ఎందుకే? దాహమేస్తే పోస్తాం. ఆవుకి పొయ్యట్లేదేటి?"

మా ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. అదే మా ఇంటికి పట్టిన శని అని అప్పట్లో నాకు తెలియదు.

సరిగ్గా ఆ వారమే ఊళ్లోని గోల్ బజార్ నుంచి ఆటోలో వస్తూ ఆటోవాడితో బండి బాధ చెప్పుకున్నాను. అతను వెనక్కి తిరగకుండానే హిందీలో అన్నాడు: "మాతాజీ, గుప్పెడు పసుపు వెయ్యండి. చిల్లు దగ్గర గడ్డకట్టి ఆగిపోతుంది. మేమంతా అదే చేస్తాం."

నేను చదివింది నాలుగో తరగతి. అయిదులో చేరి ఉంటే ఇంకేం ప్రమాదం తెచ్చేదాన్నో. ఇంటికి వచ్చి పసుపు డబ్బా తీశాను, మళ్లీ పెట్టేశాను. పసుపు పూజకు కావాలి, కూరకు కావాలి. దాని పక్కనే చోడి పిండి డబ్బా. మీ వైపు రాగి పిండి అంటారు. మా చెల్లెలు బొబ్బిలి నుంచి తెచ్చిన పిండికి పురుగు పట్టింది. పారేస్తే పాపం, తింటే రోగం. గడ్డకట్టడమే కావాలంటే పసుపేపాటి, చోడి ముందు? అంబలి కాచిన ప్రతి ఆడదానికీ ఈ విషయం తెలుసు. ఆటోవాళ్లకు తెలియదు, పాపం.

మొదటి రోజు పిడికెడు వేశాను. మర్నాడు మడుగు సగమైంది. రెండో రోజు మరో పిడికెడు. మూడో రోజు బండి కింద నేల పొడిగా ఉంది.

ఆ రోజు నేను నడిచిన నడక మీరు చూడాలి. వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగాను. "ఇంజనీర్లకి తెలీదమ్మా, ఇంట్లో ఆడదానికి తెలుస్తాది" అన్నాను. ఏం చేశావని అడిగితే మాత్రం చెప్పలేదు. విద్య ఊరికే పంచకూడదు.

అక్కడ ఆగి ఉంటే నేనిప్పుడు ఇది రాయనక్కర్లేదు. రతన్‌పూర్ ప్రయాణం ముందు సాయంత్రం, దూరం వెళ్లే బండి కదా, బలంగా ఉండాలని మిగిలిన అర డబ్బా పిండీ కలిపాను. ఉండ కట్టకుండా కలిపాను. పురుగులు లేకుండా వడగట్టాను. ఉప్పు వెయ్యలేదు, ఇనుము తుప్పు పడుతుందని. ఆమాత్రం జ్ఞానం ఉంది. అప్పలరాజు చూడకుండా మూత తీసి, చెంబుతో కొంచెం కొంచెంగా పోశాను. పిండి కొద్దీ రొట్టె అంటారు. నాకు పిండి కొద్దీ తిప్పలు.

మర్నాడు తెల్లవారేసరికి ఇడ్లీల డేగిసాలు, చట్నీ బకెట్లు, మేం నలుగురం బండి నిండా ఎక్కాం. సగం దారి వరకు బండి బంగారం. తర్వాత అలంకారపు ముల్లు లేచి నిలబడింది. ఎవరం నమ్మలేదు. కాసేపటికి కమ్మటి వాసన మొదలైంది.

"ఎవరింట్లోనో అంబలి కాస్తన్నారు" అంది కుమారి.

అటూ ఇటూ వరి మడులు. కనుచూపు మేరలో ఇల్లు లేదు. నేను గొడుగు గట్టిగా పట్టుకున్నాను.

తర్వాతిది మీకు తెలుసు. బుస్సుమన్న మోత, బుడబుడలు, సాంబారు గొడవ. కొంచెం దూరంలో పంచర్లు వేసే మెకానిక్ ఒకతను నడుచుకుంటూ వచ్చి, కర్రతో ఆ పదార్థాన్ని కదిపి చూశాడు.

"పాతికేళ్లుగా బళ్లు చూస్తున్నాను" అన్నాడు హిందీలో, చాలా నెమ్మదిగా. "నూనె తాగే బండిని చూశాను. భోజనం చేసే బండి ఇదే మొదలు."

ఈలోగా ఎక్కడి నుంచో ఒక ఆవు వచ్చి రోడ్డు మీద చల్లారిన భాగాన్ని నాకడం మొదలుపెట్టింది. దానికి నచ్చింది. మా ఆయన వంగి వేలితో కొంచెం తీసుకుని వాసన చూశాడు.

"చోడి" అన్నాడు. అని ఆవును చూశాడు, బండిని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను వరి మడులను చూశాను. పంట బాగుంది.

అబద్ధమాడితే కళ్లు పోతాయని మనవలను కొట్టినదాన్ని. నేను అబద్ధమాడలేదు, ఎవరూ నన్ను అడగలేదు, అని మనసులో వాదించుకున్నాను. ఇంతలో కుమారి ఫోను మోగింది. గుడి దగ్గర జనం వచ్చేశారట. ఆ పిల్ల "వచ్చేస్తన్నాం సార్" అని పెట్టేసి, రోడ్డు పక్క రాతి మీద కూర్చుండిపోయింది.

"మొగుణ్ణి అనడమేటి, తప్పు నాదే" అంది. "అత్త వద్దన్నా నాను మార్పించేయాల్సింది. నాకే దైర్యం లేకపోయింది. పోయింది క్యాంటీను."

దానితో నా నోరు ఊరుకోలేదు.

"నానే పోసేను."

"ఏటి?" అన్నారు ముగ్గురూ.

"చోడి పిండి."

"ఎంత?" అన్నాడు మా ఆయన, షెడ్డులో రిపోర్టు రాసుకునేవాడిలా.

"అర డబ్బా."

"అమ్మా, ఆ పిండికి పురుగు పట్టింది గదా?" అన్నాడు అప్పలరాజు.

"వడగట్టేను" అన్నాను.

కుమారి ఏడుపు ఆపి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. అంతలో దూరంగా రతన్‌పూర్ బస్సు కనిపించింది. నేను రోడ్డు మధ్యకు వెళ్లి గొడుగు అడ్డంగా పెట్టి నిలబడ్డాను. డ్రైవరు ఆపక ఏం చేస్తాడు?

"సామాను పైకెక్కించండి, అమ్మా" అన్నాడు కండక్టరు.

"ఇడ్లీలు పైనెక్కిస్తే దుమ్ము కొట్టుకుంటాయి. లోపలే."

"లోపల జాగా ఎక్కడుంది?"

"ఒళ్లు లేవేటి?"

అమ్మవారి దర్శనానికి వెళ్లే జనం ఒళ్లో తలా ఒక డేగిసా పెట్టాను. ఒక ముసలాయన కాళ్లు కాలుతున్నాయన్నాడు. పుణ్యమన్నాను. అరగంట ఆలస్యంగా గుడి చేరాం. నూట యాభై మంది తిన్నారు. పెద్ద ఉద్యోగి చెయ్యి కడుక్కుంటూ, ఆలస్యం గురించి ఒక మాట అని, "క్యాంటీను సంగతి రేపు చెప్తాం" అన్నారు.

మర్నాడు పొద్దున మా ఆయన, అగ్గిపెట్టెలో చెయ్యి పెట్టనన్న మనిషి, రోడ్డు పక్క వదిలేసిన బండిలోంచి తను విప్పి బస్సులో మోసుకొచ్చిన రేడియేటరును కుళాయి దగ్గర నా ముందు పెట్టాడు.

"మాడిన గిన్నె. తోము."

తోమాను. కొబ్బరి పీచు, బూడిద, చింతపండు. రెండు గంటలకు అది పెళ్లికూతురిలా మెరిసింది. మా ఆయన ఎత్తిపట్టి నీళ్లు పోశాడు. ఒకచోట కారేది నాలుగుచోట్ల కారింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందుతో ఊరుకోలేదు, నాలుకను పీచు పెట్టి తోమాను.

అప్పుడే ఫోను వచ్చింది. క్యాంటీను కుమారికే. ఒక్కటే షరతు, ఫలహారం వేళకు చేర్చేలా బండి సరిగ్గా ఉండాలి. కుమారి చెప్పులు వేసుకుని, "అత్తా, గోల్ బజార్ ఎల్తన్నాను. రేడియేటరు కొత్తది" అంది. అడగలేదు, చెప్పింది. నేను బూడిద చేతులతో లేచి నిలబడి, పీచు మీద ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో తినేదేదీ బండిలో పొయ్యను, బండిలో పోసేదేదీ వడగట్టను. తర్వాత, ఏ కొట్లో చవకో కూడా చెప్పకుండా, కోడలికి గేటు తీశాను.