చెరువు మీది దారాలు

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా, వట్లూరులోని వాళ్ల స్కూలు నుంచి ఒక ఫారం తెచ్చింది. నెలకో శనివారం పిల్లలను కొల్లేరు వైపు తీసుకెళ్లి పక్షులను చూపిస్తారట, నేను సంతకం పెట్టాలి. అందులో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంది. పిల్లలు పక్షులను చూడటానికి తండ్రి ఏం పని చేస్తే వీళ్లకెందుకు? నాకు అక్కడే అనుమానం మొదలైంది. ‘వ్యవసాయం’ అని రాశాను.

“మనవి చేపల చెరువులు కదా నాన్నా?” అంది.

“అదీ వ్యవసాయమేనమ్మా.”

కలిదిండి దగ్గర మాకు మూడు చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె చేపలు పెంచుతాం. నీటికాకులు గుంపుగా దిగాయంటే పిల్ల చేపలను మిగలనివ్వవు. అందుకని నీళ్ల పైన, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సన్నటి నైలాన్ దారాలు కడతాం. ఎండలో ఆ దారం మన కంటికే ఆనదు. ఎగిరొచ్చే పక్షులు కొన్ని అందులో చిక్కుకుంటాయి. ఈ సంగతి చెరువులవాళ్లందరికీ తెలుసు. ఫారెస్టు వాళ్ల చెవిన పడితే కేసవుతుందని ఎవరమూ బయట మాట్లాడం.

మొదటిసారి వెళ్లొచ్చిన సాయంత్రం అమ్మాయి అన్నం తింటూ అడిగింది. “నాన్నా, మన చెరువుల మీద దారాలున్నాయా?”

“నిన్ను అడగమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. దారాలకి చిక్కుకుని పక్షులు చచ్చిపోతాయని మేడం చెప్పారు.”

మర్నాడు పక్క చెరువు ఆయనతో ఈ మాట అంటే, “పిల్లల చేత కూపీ లాగిస్తున్నారండీ, ఆవిడ ఫారెస్టు మనిషే అయ్యుంటుంది,” అని తేల్చేశాడు. రెండోసారి వెళ్లేటప్పుడు, పిల్లలకు తోడుగా నేనూ వస్తానని స్కూలుకు ఫోన్ చేశాను.

పక్షులు చూపించే ఆ మేడంకి యాభై ఏళ్లుంటాయి. నూలు చీర, కాళ్లకు బూట్లు, మెడలో బైనాక్యులర్స్. బస్సులో ఆవిడ వెనక సీట్లోనే కూర్చున్నాను. దారి పొడవునా ఓ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉంది. మెడ సాచి చూశాను గానీ అక్షరాలు చిక్కలేదు.

సరస్సు పక్క రోడ్డు మీద పిల్లలను వరసగా కూర్చోబెట్టింది. “అయిదు నిమిషాలు కళ్లు మూసుకోండి. ఎన్ని రకాల కూతలు వినపడతాయో వేళ్లతో లెక్కపెట్టండి.” పిల్లలు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆవిడ సరస్సు వైపు చూడటం లేదు. రోడ్డుకు ఇవతల ఎవరిదో చేపల చెరువు ఉంది. దాని మీది దారాలను చూసి మళ్లీ పుస్తకం తీసింది. దొరికిపోయింది అనుకున్నాను.

అంతలో ఓ పిల్లవాడు కళ్లు తెరిచి కేక పెట్టాడు. ఆ చెరువు మధ్యలో నీటికాకి ఒకటి రెక్క చిక్కుకుని వేలాడుతోంది. ఇంకా కొట్టుకుంటోంది. పిల్లలందరూ లేచారు, ఇద్దరు ఏడుపు అందుకున్నారు. చెరువు కాపలా ఆయన గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏవండీ, ఎవరండీ మీరంతా? ఫోటోలు తీయకండి!”

“తీయటం లేదండీ,” అంది ఆవిడ. “ఆ పక్షిని విడిపించనిస్తారా?”

ఆయన ఆవిడను వదిలేసి నా వైపు తిరిగాడు. “ఫారెస్టు వాళ్లాండీ?”

నెల నుంచి నేను నమ్ముతున్న మాటే అది. కానీ నా నోటి వెంట వచ్చింది వేరు. “కాదండీ, బడి పిల్లలు. మీ పడవ ఒకసారి ఇవ్వండి.”

మేత చల్లే చిన్న పడవ అది. మధ్యకు తోసుకెళ్లి, ముందు తువ్వాలుతో పక్షి తల కప్పాను. కప్పకపోతే కళ్ల మీదికి పొడుస్తుంది. రెక్క మడిచి చంకలో పెట్టుకుని, దారాన్ని చర్మం దగ్గర కాకుండా అవతల కోశాను. గట్టు మీదికి తెచ్చి వదిలితే తడబడుతూ నాలుగడుగులు నడిచి ఎగిరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కొట్టలేదు.

“మీకు అలవాటున్న పనిలా ఉందండీ,” అంది ఆవిడ.

“నావీ చెరువులేనండీ.” ఇక దాచి లాభం లేదనిపించింది.

“తెలుసండీ. మీ అమ్మాయి మొదటి రోజే చెప్పింది.”

“మరి ఆ పుస్తకంలో ఏం రాస్తున్నారు?”

దాచకుండా చేతికిచ్చింది. ఏ పిల్లకు బస్సు పడదో, ఎవరికి నీళ్లంటే భయమో ముందు పేజీల్లో ఉంది. తర్వాత ఎక్కడ ఎన్ని దారాలు, ఎన్ని పక్షులు అని ఉంది.

“ఇది ఎవరికి పంపుతారు?”

“ఇప్పటిదాకా ఎవరికీ పంపలేదండీ.”

‘ఇప్పటిదాకా’ అన్న మాట నాకు నచ్చలేదు. ఇవాళ్టికీ నచ్చలేదు.

తిరుగు బస్సులో అమ్మాయి నా పక్కన కూర్చుంది గానీ, చాలాసేపు కిటికీలోంచే చూసింది.

“నాన్నా, ఇలా ఎన్ని తీశావు?”

“చాలా తీశానమ్మా.”

“అన్నీ బతికినవేనా?”

ఏలూరు పొలిమేర వచ్చేదాకా ఆలోచించి, “కాదు,” అన్నాను.

మరుసటి వారం ఒక చెరువుకు దారాలు విప్పించి, దూరానికే కనపడే రంగు రిబ్బన్లు కట్టించాను, పక్షులను తోలేందుకు డబ్బా కొట్టడానికి ఒక మనిషిని పెట్టాను. ఆదివారం అమ్మాయి తనూ వస్తానంది. ఇక్కడే ఉండమన్నా వినకుండా గట్ల మీద మూడు చెరువులూ చుట్టి వచ్చింది.

“మరి ఆ రెండూ?”

“వచ్చే పంటకి తీయిస్తాను.”

“నిజంగా?”

“నిజంగానేనమ్మా.”

నా ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. విప్పేసిన చెరువులో అప్పటికే నీటికాకులు నాలుగు దిగి మునకలేస్తున్నాయి. డబ్బా మోగగానే లేచాయి, ఒక చుట్టు తిరిగి అక్కడే దిగాయి. ఒక్కోటి పైకి తేలినప్పుడల్లా ముక్కున వెండిలా మెరిసేది నా చేపే. అమ్మాయి గట్టు మీద గొంతుక్కూర్చుని వాటినే చూస్తోంది. నేను డబ్బా అందుకుని గట్టిగా వాయించాను.