బేస్తవారం కత

నీళ్లల్లో నానిన అరటినార వాసన తగిలితే చాలు, పురసవాక్కంలో బట్టలంగడి మెట్ల పక్కన పూలు కట్టుకుంటా కూచున్న ముసల్దాన్నని మర్చిపోయి, మా యమ్మ చెయ్యి పట్టుకొని పూలు కట్టే చెంగమ్మత్త ఇంటి ముందర తిన్నె మీదికి వెళ్లిపోతాను. నాకు రాయను రాదు, నేను చెప్తా ఉంటే మా మనవరాలు రాస్తా ఉండాది.

మా యమ్మ రూతమ్మ చర్చిలో బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి ఆడోళ్లకి ఏసుసామి కతలు చెప్పడమే ఆమె పని. ఎవురింటికి పోయినా ముందు పుస్తకం తెరిచేది కాదు. బియ్యం ఏరతా ఉంటే తానూ ఏరేది, చింతపండు గింజలు తీస్తా ఉంటే తీసేది, పనిలో చెయ్యి కలిసినాక మెల్లిగా కత ఎత్తుకొని, వినేవాళ్లు ఊపిరి బిగబట్టే చోట ఆపేసి లేచేది. మిగతాది కావాలంటే వాళ్లే మళ్లా పిలవాల. చెంగమ్మత్త ఇంటికి మటుకు బేస్తవారమే. శుక్రవారం అమ్మవారికి పోయే పూలన్నీ ఆ పొద్దే కట్టాల, అప్పుడు చేతులకి తీరిక ఉండదు, చెవులకి ఉంటాది. విగ్రహానికి మాల కడతావా అని చర్చి పెద్దలు ఎత్తిపొడిస్తే, "నేను కట్టేది చెంగమ్మకి" అనేది.

వాళ్లు కడతా ఉంటే నేనూ చెంగమ్మత్త కూతురు వల్లీ గచ్చకాయలు ఆడేవాళ్లం, మరువం రెమ్మలు చెవుల్లో దోపుకొనేవాళ్లం, వానొస్తే తిన్నె అంచున కాళ్లు చాపి తడుపుకొనేవాళ్లం. క్రిస్మస్‌కి మా యమ్మ పువ్వు అచ్చుతో నూనెలో కాల్చిన అచ్చప్పాలు వల్లి వేళ్లకి ఉంగరాల మాదిరి తొడుక్కొని ఒక్కో రేకే కొరికేది.

ఒక ఏడు ఆ వానల్లోనే వల్లికి జొరం పట్టుకుంది. లోపల చాప మీద అది మూలగతా ఉంటే, బయట మా యమ్మ ఒక పెద్దమనిషి కత చెప్పింది. ఒక్కగానొక్క కూతురికి ప్రాణం మీదికొచ్చిందని ఆయన ఏసుసామి కాళ్ల మీద పడినాడు, సామి బయల్దేరినాడు, దోవలోనే మనిషి ఎదురొచ్చి పాప చచ్చిపోయింది, ఇంక రానక్కర్లేదు అన్నాడు. ఆడ ఆపి, ఎప్పటి మాదిరే కొంగు దులుపుకొని లేచింది. చెంగమ్మత్త ఆ కొంగు పట్టుకుంది.

"ఆ పిల్ల లేచిందా లేదా, అది చెప్పి పో అక్కా."

"వచ్చే బేస్తవారం చెప్తాలే" అని మా యమ్మ నవ్వింది.

ఆ బేస్తవారం రాకముందే వల్లి చచ్చిపోయింది.

మైల తీరి వాళ్లు మళ్లా పూలు తెచ్చుకున్న మొదటి బేస్తవారం మా యమ్మ నన్ను తీసుకొని ఆ ఇంటికి వెళ్లింది. చెంగమ్మత్త తల ఎత్తలేదు.

"ఇప్పుడు చెప్పు. లేచిందా?"

మా యమ్మ అబద్ధం ఆడలేక, "లేచింది" అనింది.

"ఆ ఇంటికి దోవ తెలిసినోడికి మా సందు తెలవలేదా?"

మా యమ్మ పూలు ముందుకి లాక్కొని కట్టను మొదలుపెట్టింది. ఆ పొద్దు మొదలు బతికినన్నాళ్లూ బేస్తవారం తప్పకుండా వెళ్లింది గానీ, ఆ తిన్నె మీద ఇంకొక కత ఎత్తలేదు. ఎంతమందిని మార్చినావని చర్చిలో అడిగి అడిగి, బైబిలమ్మ పని ఇంకొకామెకి ఇచ్చేసినారు. అయినా వెళ్లింది. చెంగమ్మత్త మారలేదు, బొట్టు తీయలేదు, రావద్దని కూడా అనలేదు.

మా యమ్మ కాలం చేసినాక కొన్నేండ్లకి నా మొగుడు లారీ కింద పడి చచ్చిపోయినాడు. చర్చివాళ్లు గుంపుగా వచ్చి, పాట పాడి, ఆయన కడపటి దినాన లేస్తాడని చెప్పేసి, కాఫీ తాగి వెళ్లినారు. ఆమీట బేస్తవారం చెంగమ్మత్త వచ్చింది, కట్టె పట్టుకొని, నడుం వంగిపోయి. నా పక్కన కూచొని, నా పూలబుట్టలో నార తీసి కట్టను మొదలుపెట్టింది. మళ్లా బేస్తవారం కూడా వచ్చింది.

ఇప్పుడామె లేదు. ఆ తిన్నె ఉన్నచోట నగలంగడి, అద్దాల తలుపు. నార దొరికేది ఎప్పుడో ఒకసారి, మిగతా రోజులు దారమే. చదువుకున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి నా చేతిలో కాయితం పెట్టి, నేను తల ఎత్తేలోపలే ఏసుసామి కత చివరిదాకా చెప్పేసి పోతారు. మంచి పిల్లలే. బేస్తవారం మటుకు నేను బుట్ట కొంచెం జరిపి, పక్కన ఎవురైనా కూచునేదానికి ఒక గోనెపట్టా పరిచి పెడతాను. పొద్దు గూకినాక నేనే దాన్ని దులిపి మడుచుకొంటాను.