ముందు సీటు

దెయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి గట్టి కారణమే ఉంది: సౌదీలోని ఈ జుబైల్‌లో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనికి వచ్చిన కొత్త ఫిట్టర్లకు, పాత ట్యాంకులో వెల్డింగ్ చేసే తలలేని మనిషి గురించి చెప్పాను. వాళ్ళు ఆ ట్యాంకు దగ్గర డ్యూటీ వద్దని ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడ్డారు. తలలేని ఆ మనిషికి ఊరూ పేరూ పెట్టింది కూడా నేనే.

అందుకే మస్తాన్ చెప్పాడంటే సగానికి సగం కొట్టేసి వింటారు మావాళ్ళు. ఇది కూడా అలాగే వినండి. నాకేం బాధ లేదు.

నా కథల్లో అబద్ధం ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా పట్టుకున్న మనిషి ఒక్కతే, నా భార్య ఖాసింబీ. మాది నంద్యాల దగ్గర పల్లె. దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నలుగురి ముందు నేనేదో చెబుతూ నిజం గట్టు దాటానంటే చాలు, ఆమె చేతిగాజుతో పక్కనున్న గిన్నె మీదో కిటికీ మీదో టక్ టక్‌మని కొట్టేది. తలెత్తేది కాదు, నవ్వేది కాదు. "వదినమ్మ గంట కొట్టింది, ఇక్కణ్ణించి కోతలే" అని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆమె పోయి ఏడాది దాటింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే మళ్ళీ ఇంటికి రాలేదు. జుబైల్‌లోనే మట్టి చేశాం. ఇక్కడి ఖబరస్తాన్‌లో సమాధుల మీద పేర్లుండవు. ఒక రాయి, అంతే. గోడ పక్కన ఉన్న వాటిలో మాది ఏ రాయో నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

అలాంటిది కంపెనీ నన్ను రియాద్‌కు, సులైలో ఉన్న గోడౌనుకు మార్చింది. మన దగ్గర ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి పోయినట్టే. నేను పోతే ఆ రాయిని గుర్తుపట్టే మనిషి ఉండడు. పోనంటే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే ఇకామా ఉండదు, ఇకామా లేనివాణ్ణి ఈ దేశంలోనే ఉండనివ్వరు. ఏ దారిన చూసినా ఆమెను వదిలిపోవడమే. సొంత కారుంటే సెలవు దొరికినప్పుడల్లా రావచ్చు. అందుకే కొన్నాను.

ఆమె ఉండగా మాకు కారు లేదు. లైసెన్సు పరీక్ష తప్పుతూ తప్పుతూ, అది చేతికొచ్చేసరికి ఆమె లేదు. బజారుకు పోవాలన్నా టాక్సీయే. టాక్సీలో ఆడవాళ్ళు వెనకాలే కూర్చుంటారిక్కడ. "ఒక్కసారి ముందు సీట్లో కూచోబెట్టుకోని తిప్పయ్యా, రోడ్డు ఎట్లుంటాదో చూస్తా" అనేది.

కారు అమ్మింది శేఖర్ గారు, మా ప్లాంటులో ఇంజనీరు, కాకినాడ మనిషి. ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇండియా వెళ్ళిపోతున్నారు. పేరు మీద బండి ఉన్నంతకాలం ఇక్కడ ఎగ్జిట్ ఇవ్వరు. ఇస్తిమారా, అంటే బండి రిజిస్ట్రేషన్, నా పేరుకు మారాలంటే ముందు బండి ఫహస్ తనిఖీలో పాసవ్వాలి. ఒక ఉదయం ఇద్దరం బయల్దేరాం. ఆయన నడుపుతున్నారు. పక్క సీట్లో కూర్చోబుద్ధి కాక నేను వెనక ఎక్కాను.

"నన్ను అప్పుడే డ్రైవర్ని చేసేశారేంటండీ" అన్నారాయన.

తనిఖీ కేంద్రంలో పద్ధతి ఏమిటంటే, బండిలోంచి అందరూ దిగిపోవాలి, లోపలికి వాళ్ళ మనిషే తోలుకెళ్తాడు. తాళం ఇచ్చేసి ఇద్దరం కొంచెం దూరంలో నీడన నిలబడ్డాం. శేఖర్ గారు కారు వైపే దిగులుగా చూస్తుంటే నవ్విద్దామని, ఉనైజాలో నేను ఒంటె పందెం గెలిచిన కథ ఎత్తుకున్నాను. నేను జన్మలో ఒంటె ఎక్కలేదు.

కథలో నా ఒంటె గీత దాటుతుండగా, తాళం తీసుకున్న సౌదీ ఉద్యోగి వెనక్కి వచ్చాడు. మొహం పక్కకు తిప్పుకుని, "మీ మదామ్‌ను దిగమను" అన్నాడు అరబీలో.

మాతో ఎవరూ రాలేదన్నాను.

"ముందు సీట్లో ఉంది కదా. అద్దం మీద కొడుతోంది, నిన్నే పిలుస్తున్నట్టుంది."

ఎలా కొడుతోందో కూడా చూపించాడు. చేతిలోని తాళంతో పక్కనున్న ఇనుప స్తంభం మీద, టక్ టక్.

ముగ్గురం వెళ్ళి చూశాం. సీటు ఖాళీ. పరాయి ఆడమనిషి మొహం చూడకూడదు గనుక తాను చూడలేదని, నల్లటి అబాయా, అద్దం మీద చెయ్యి, అంతవరకే చూశానని అన్నాడతను. లోలోపల ఏదో చదువుకుని, బండిని ఇంకొకతనికి అప్పగించి వెళ్ళిపోయాడు.

"మస్తాన్ గారూ, ఈ ఏర్పాటు కూడా మీదేనా అండీ?" అన్నారు శేఖర్ గారు. కాదంటే నమ్మలేదు. నేనైనా నమ్మను. కానీ మా ఇంటి గాజు సంగతి ఆ సౌదీకి ఎవరు చెబుతారు?

బండి పాసయింది. ఇస్తిమారా నా పేరుకు మారింది. శేఖర్ గారికి ఎగ్జిట్ వచ్చింది.

రియాద్ వెళ్ళే రోజు పొద్దున ఖబరస్తాన్‌కు వెళ్ళాను. సలాం చెప్పి, దువా చేసి, బయటికొచ్చి కారులో కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేయలేదు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. పక్క సీటుతో మాట్లాడాను. మాట్లాడాలనిపించింది, అంతే.

సెలవు దొరికినప్పుడల్లా వస్తానని చెప్పాను. చప్పుడు లేదు. నీ రాయి మర్చిపోనన్నాను. చప్పుడు లేదు.

"నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఆడ నేను బాగానే ఉంటాలే" అన్నాను.

పక్క సీటు అద్దం మీద, టక్ టక్.

బయట మనిషి లేడు. గాలి లేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమెను మట్టి చేసిన రోజు కూడా అలా ఏడవలేదు.

సులైకి వచ్చాక వర్క్‌షాపులో ఆ తలుపు మొత్తం విప్పించాను. పాకిస్తానీ మెకానిక్ ప్రతి బోల్టూ కదిపి చూసి, "ఇస్‌మే కుచ్ నహీ హై, భాయ్" అన్నాడు. వదులుగా ఉన్నది ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ కారెక్కినప్పుడల్లా కోతలు కోస్తుంటాను. ఒంటె పందెం చెప్పాను. తలలేని వెల్డర్ సంగతి చెప్పాను. నా సలహా లేనిదే గోడౌను మేనేజరు సంతకం పెట్టడని కూడా చెప్పాను. బాగానే ఉన్నానని రోజూ చెబుతున్నాను. ఆ అద్దం మళ్ళీ మోగలేదు.

ఇదంతా రాశాక కారులో కూర్చుని, ముందు సీటు వైపు తిరిగి, మొదటి నుంచి ఇక్కడిదాకా బయటికే చదివాను. ఆగి ఆగి చదివాను. ఎక్కడా చప్పుడు రాలేదు. ఇందులో అబద్ధం లేదని ఆమె ఒప్పుకుందో, వినడానికి అక్కడ ఎవరూ లేరో, నాకు తెలియదు.