ఏటవతలి చిరునామా

కొలంబియా నదిలో నా గాలానికి పడ్డ స్టర్జన్ చేప నన్ను, నా పడవను సముద్రందాకా లాక్కుపోయింది. బడి మధ్యలో వదిలేసినవాడి మాట, నమ్మకపోయినా ఫరవాలేదు. ఐనో కంగాస్ సంగతి మాత్రం నమ్మండి.

ఐనో మా ఒరెగాన్ ఒడ్డున కాగితం మిల్లులో పనిచేశాడు. దుంగ దొర్లి కాలు నలిగిన రోజున మా ఊరి అంబులెన్సు డ్రైవరు డువేన్ అతన్ని బతికించాడు. తరవాత వచ్చిన వికలాంగ భృతిని ఒరెగాన్ సర్కారు ముట్టలేదు కానీ, మిల్లు పెన్షన్ మీద పన్ను వేసింది. ఏటి మీద వంతెన దాటితే వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడ ఆ పన్నే లేదు. మా దగ్గర అమ్మకం పన్ను లేదని అవతలివాళ్ళు టీవీలు కొనడానికి ఇటొస్తారు, మావాళ్ళు అటు చూసి నిట్టూరుస్తారు. ఐనో నిట్టూర్పుతో ఆగలేదు. అవతల చెల్లెలు హెల్మీ ఇంటిని తన చిరునామాగా రాయించుకున్నాడు. నిద్ర మాత్రం ఇక్కడే, భార్య అర్లీన్ పక్కనే.

ఆ ఏడు మా ఊరి అంబులెన్సు ఉండాలా పోవాలా అని ఓటు పెట్టారు. ఆస్తిపన్ను కాస్త పెంచుకుంటే ఉంటుంది, లేదంటే పోతుంది. మాకు ఓటు కాగితం టపాలో ఇంటికే వస్తుంది. ఐనో డబ్బా తెరిస్తే ఒకటే కవరు, అర్లీన్ పేరున.

"నాదేదీ?"

"నువ్విక్కడ ఉండటం లేదుగా, మహానుభావా," అంది అర్లీన్. "వాషింగ్టన్ దొరవి. గురక మాత్రం ఇక్కడ పెడతావు."

"ఒక్క ఓటుకే కొంప మునగదులే."

"ఆ మాట డువేన్‌తో అను."

అనలేకపోయాడు. మర్నాడు పెట్రోలు బంకు దగ్గర డువేనే ఎదురొచ్చి, "పెద్దాయనా, మీ ఇంట్లో రెండోట్లూ మాకే గదా?" అన్నాడు. ఐనో తలాడించాడు. ఆ తలాడింపు తరవాత అతను మా బీరుకొట్టుకు రావడం మానేశాడు.

అంబులెన్సు ఓడింది. ఒక్క ఓటుతో అని చెబితే కథ రంజుగా ఉండేది, కానీ తేడా నాలుగో ఐదో ఓట్లు. నీ ఒక్కడి ఓటు పడ్డా గెలిచేది కాదని ఐనో ఇంటికెళ్ళి చెప్పాను.

"తెలుసురా," అన్నాడు. "నాలాగా అవతల కాపురం రాయించుకున్నవాళ్ళు ఈ వీధిలోనే ఎంతమందో లెక్కేసుకో."

ఆ వారమే చిరునామా వెనక్కి తెచ్చుకున్నాడు. ఎగ్గొట్టిన పన్నూ కట్టాడు. ఇప్పుడు అంబులెన్సు పక్క ఊరి నుంచి రావాలి. ఐనో తన పికప్ బండిని ట్యాంకు నింపి, ముఖం రోడ్డుకేసి నిలుపుతాడు.

"టాక్సీ పెట్టావా?" అని ఏడిపిస్తే నవ్వడు.

మొన్న నాకు గుండెనొప్పి వస్తే ఆ బండిలోనే ఆసుపత్రికి తోలాడు. దారంతా నాచేత ఆ చేప కథే చెప్పించాడు. నేను ఊపిరి కోసం ఆగినప్పుడల్లా, "ఆ తరవాత? తరవాతేమైంది, చెప్పరా," అని బతిమాలాడు.