విత్తనానికి వదిలిన మొక్కలు

మంగళవారం ఉదయం మిషనమ్మ ఇంట్లో లేని సమయంలో పారిశుధ్య కార్యాలయం వారు గేటు గొళ్లెం తీసి లోపలికి వెళ్లి, ఆమె పెరడంతటా కలుపు మందు కొట్టారు. ముందుగా నోటీసు ఇవ్వలేదు. ఉత్తర్వులో చూపిన కారణం ఒకే ఒక్క మాట: నిర్లక్ష్యం.

ఆమె ఇరవై రెండేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. మిషనమ్మ అన్న పేరు అక్కడ వచ్చిందే. నూలు దుమ్ముకు దగ్గు పట్టి, ఊపిరాడక పని మానేసి, బస్సు దిగి నలభై నిమిషాలు నడిస్తే గాని చేరలేని ఈ రెండు గదుల ఇంటికి వచ్చింది. మొదటి ఏడాది పెరట్లోని ఉప్పు నేలలో నాటినదేదీ బతకలేదు. రెండో ఏడాది పురుగు తిన్నది. నీళ్ల బిందెలు మోసి మోసి నడుము పట్టేసింది. చూడవచ్చిన వదిన ఎకసెక్కమాడింది.

"ఇన్నాళ్లూ కాలర్లు కుట్టావు, ఇప్పుడు మట్టికి కాజాలు కుడుతున్నావా?"

"కుడుతున్నా వదినా. అక్కడ నేను లేస్తే మిషన్ ఆగిపోయేది. ఇక్కడ నేను పడుకున్నా పని నడుస్తూనే ఉంటుంది."

"నడుము వంకరపోయింది, చూసుకున్నావా?"

"పోతే పోయింది, ఊపిరి తిన్నగా ఆడుతోంది. ముందా బీరకాయలు సంచిలో వేసుకో, తర్వాత తిడుదువుగాని."

ఆమె తోటకు ఒక పద్ధతి ఉంది. ప్రతి కాపులోనూ అన్నింటికన్నా మేలైన మొక్కకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి, కోయకుండా విత్తనానికి వదిలేసేది. అలా తొమ్మిదేళ్లు, బతికినవాటి గింజనే నాటుతూ, ఆ ఉప్పు నేలకు తట్టుకునే బీర, ముల్లంగి తయారు చేసింది. ఆ విత్తనం ఏ దుకాణంలోనూ దొరకదు. విత్తనానికి వదిలిన మొక్క మాత్రం చూపుకు ఆనదు: ఆకు పండి, కాడ ముదిరి, పాడుపడ్డట్టే కనిపిస్తుంది.

ఆమె తిరిగివచ్చేసరికి మందు కొట్టినతను ఇంకా పంపు కడుక్కుంటున్నాడు.

"ఏం చేశావయ్యా?"

"అంతా ఎండిపోతోంది కదా పిన్నీ. ఎవరూ ఉండట్లేదనుకున్నాం."

"ఎండనిస్తేనే కదయ్యా విత్తనం! ఈ ఎర్ర పీలికలు కనబళ్లేదా?"

"గాలికి కొట్టుకొచ్చిన చెత్తనుకున్నా." అతను తల దించుకున్నాడు. "మా ఆఫీసరు సారు రోడ్డు మీంచే చూసి ఉత్తర్వు రాసేశారు. నన్నేం చెయ్యమంటావు?"

ఇంకో పది రోజులుంటే గింజ ముదిరేది. పాత గింజంతా ఈ కాపుకే నాటేసింది. మందు పడ్డ మొక్కల నుంచే దొరికినంత ఏరి, వంద గింజలు తడిగుడ్డలో మూటగట్టి వారం చూసింది. ఒక్కటీ మొలవలేదు. ఏళ్ల కిందట వదిలిపోయిన దగ్గు మళ్లీ పట్టుకుంది.

పారిశుధ్య అధికారి గారూ, పోయిన విత్తనాన్ని మీరు తిరిగి తేలేరు. చేయగలిగినవి చేయండి. రోడ్డు మీద నుంచి కాదు, ఆమె అనుమతి అడిగి పెరట్లోకి వచ్చి చూడండి. ఉత్తర్వులోని నిర్లక్ష్యం ఎవరిదో సరిదిద్ది రాయండి. కొట్టిన మందు పేరేమిటో, ఎంత కొట్టారో, ఆ నేలలో మళ్లీ ఎప్పుడు నాటవచ్చో తేదీతో, మీ సంతకంతో, వానలు పడకముందే ఆమె చేతికివ్వండి.