సొరచేప నూనె తాగిన రంపం

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసేటప్పటికి నేను ఆయన్నే తిడుతున్నాను. నా చేతిలో కిరసనాయిలు గుడ్డ, ఎదురుగా ఆయన తెచ్చిపెట్టిన పాత రంపం మిషను. పొద్దున టీ తాగి, గోడకు చేరగిలి కూర్చుని, అలాగే వెళ్ళిపోయాడట. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

ఆయన మా అమ్మ తమ్ముడు. కళింగపట్నంలో సముద్రం మీద వేటకెళ్ళి బతికిన మనిషి. నేనేమో శ్రీకాకుళంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క నేమ్‌ప్లేట్లు, పూజగది తలుపులకు పువ్వుల పనీ చేసుకుంటాను. చేతి రంపంతో వంపులు కోసి కోసి మణికట్టు పడిపోతోంది, ఇక ఈ పని మానేయాలేమోనని ఒక పెళ్ళిలో ఆయన ముందు అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కొన్నాళ్ళకే శృంగవరపుకోటలో పాత ఇనుప కొట్టులో పడున్న మిషనొకటి ఆటోలో వేసుకుని దిగాడు. కాలితో తొక్కితే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ ఎంత వంపైనా కోసే రకం. బ్లేడును పట్టుకునే రెండు చేతులూ కర్రవి. మిగతాదంతా తుప్పు.

"ఏటే అలా సూస్తావు? ఇది బాగయితే నీ సెయ్యి బతుకుతాది. పని మానీకు," అన్నాడు.

ఆడదానికి రంపం పనేమిటని చుట్టాలంతా మూతి తిప్పుకున్నవాళ్ళే. ఆయనొక్కడే ఆ మాట ఎన్నడూ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏడిపించింది మాత్రం ఆయనే.

నేను తుప్పు గీకుతుంటే ఆయన సీసాతో వచ్చేవాడు. సొరచేప నూనె. వాళ్ళ ఊళ్ళో పడవలకు పట్టిస్తారు.

"మావయ్యా, ఇది పడవ కాదు!"

"కర్రే కదే. ఉప్పునీల్లల్లో పడవే బతకతన్నాది, దీనికేటి?"

కర్రకు రాసి ఊరుకున్నాడా? చక్రం నుంచి బ్లేడును ఆడించే తోలు బెల్టుకూ రాశాడు. ఇంకేముంది, అది చక్రం మీద జారిపోవడం మొదలెట్టింది. కాళ్ళు పీకేలా తొక్కుతున్నాను, చక్రం గిర్రున తిరుగుతోంది, బ్లేడు మాత్రం కదలదు. ఆయన పక్కన నిలబడి, "సూడు, ఎంత మెత్తగా తిరుగుతన్నాదో!" అని మురిసిపోవడం. ఖర్మ!

బెల్టు మార్చి, మొదటి ఆర్డరు పూర్తిచేశాను. ఉల్లిపాయ కూడా ముట్టని వాళ్ళింటి పూజగదికి వెంకన్న నామాలు. మర్నాడే పట్టుకొచ్చేశారు. "అమ్మా, దేవుడి దగ్గర నీచు వాసనొస్తోంది" అన్నారు. ఎండకు కర్ర చేతుల్లోంచి కారిన నూనె చెక్కంతా పీల్చుకుంది. ఇలాంటివి ఇంకో రెండు తిరిగొస్తే నా దగ్గర పని చేయించుకునేదెవరు? ఫోన్లో ఆయన్ని కడిగిపారేశాను.

"సేప వాసన లేని ఇల్లు ఇల్లేటే?" అన్నాడు మహానుభావుడు.

అన్నాడే గాని, తెల్లారేసరికి కుంకుడుకాయల సంచితో గుమ్మంలో ఉన్నాడు. కాయలు కొట్టి, నురగ తీసి, ఆ కర్రలను ఒళ్ళు రుద్దినట్టు రుద్దాడు. నేను టీ పెట్టి తెచ్చేలోపు, ఎండిన కర్రను చూడలేక మళ్ళీ నూనె రాసేశాడు. అలాంటి మనిషిని ఏం చేయను చెప్పండి? టీ ఇచ్చాను.

అత్త ఫోన్ వచ్చాక, ఆయన ఫోటోకు ఫ్రేము నేనే కోస్తానన్నాను. ముందు కిరసనాయిలు, సోడా, కుంకుడు రసం అన్నీ పెట్టి కర్రలు రుద్దాను. ముక్కు ఆనించి చూశాను. వాసన లేదు. హమ్మయ్య, ఇక మిషను నా దారికొచ్చింది, బయటి పనులు ధైర్యంగా ఒప్పుకోవచ్చు అనుకున్నాను.

పెద్దకర్మ నాడు కళింగపట్నంలో, ఇంటి ముందు కుర్చీలో ఫోటో పెట్టి దండ వేశారు. ఎండెక్కింది. అగరొత్తులను దాటుకుని ఫ్రేములోంచి అదే వాసన. పోయాక కూడా నన్ను వదల్లేదు ఈయన! ఎక్కణ్ణుంచి వచ్చాయో, వీధి పిల్లులన్నీ కుర్చీ చుట్టూ చేరి, మెడలెత్తి ఫోటో వైపే చూస్తూ కూర్చున్నాయి. చుట్టాల ముందు సిగ్గేసి, వాటిని తోలేద్దామని కర్ర అందుకున్నాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీయే. ఆయన రేవు నుంచి వచ్చీటప్పుడు రోజూ ఇలాగే కూకునీవి."

కర్ర కింద పెట్టేశాను. ఒక ముసలి పిల్లి ముందుకాళ్ళు కుర్చీ మీద మోపి, ఫ్రేము అంచును మెల్లగా నాకుతోంది.